ఆసుపత్రి, అంగడి, ఆలయం: సాఫ్ట్‌వేర్ చేయించుకునే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

మేము క్లినిక్కులు, మెడికల్ షాపులు, కిరాణా, బట్టల దుకాణాలు, గుళ్ల వాళ్లకు వాళ్ల పద్ధతికి తగ్గట్టు సాఫ్ట్‌వేర్ రాసి ఇస్తాం. పాత రిజిస్టర్లలో, ఎక్సెల్ ఫైళ్లలో చెల్లాచెదురుగా ఉన్న సమాచారాన్ని సరిచేసి, వాడుకునేలా చేసిపెడతాం. ఫోన్‌లో పదే పదే వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాం. ఎక్కువమంది డబ్బూ సమయమూ పోగొట్టుకునే విషయాల దగ్గర జవాబు పొడుగ్గా ఉంటుంది.

రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ బోలెడు దొరుకుతోంది కదా, ప్రత్యేకంగా చేయించుకోవడం దేనికి?

చాలామందికి అవసరం లేదు, ఆ మాట ముందే చెప్పేస్తాం. ఒక కౌంటరున్న కిరాణా షాపుకు మామూలు బిల్లింగ్ యాప్ చాలు. ట్యాలీలో లెక్కలు బాగానే నడుస్తుంటే వాటి జోలికి వెళ్లొద్దు. అవసరం ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది: మీ కౌంటర్ మీద కంప్యూటర్ పక్కన ఒక నోట్‌బుక్ కూడా నడుస్తోందా? నడుస్తుంటే అందులో ఏం రాస్తున్నారో చూడండి. ఎవరికి ఎంత అప్పిచ్చారు, ఏ పేషెంటుకు ఏ మందు పడదు, ఏ దాత ఏ తిథికి పూజ చేయమన్నారు... కొన్న సాఫ్ట్‌వేర్‌లో చోటు దొరకనివన్నీ ఆ నోట్‌బుక్‌లోకి చేరతాయి. మేము మొదట అడిగేది దాన్నే. అలాంటి నోట్‌బుక్ లేకపోతే, ఉన్న సాఫ్ట్‌వేర్‌నే సరిగ్గా వాడుకోమని చెప్పి పంపుతాం.

ఆసుపత్రికీ, షాపుకీ, గుడికీ సంబంధమేంటి? మూడూ ఒకే టీమ్ ఎలా చేస్తుంది?

మూడు చోట్లా నియమం పెట్టేవాళ్లు వేరే ఉంటారు. వైద్యం డాక్టరుగారిది, పన్ను ప్రభుత్వానిది, పూజా విధానం ఆగమానిదీ ఆ గుడి ఆచారానిదీ. మా పని ఆ నియమాన్ని ఉన్నదున్నట్టు అర్థం చేసుకుని, సందేహం వచ్చినచోట ఆగి, తెలిసినవాళ్లను అడిగేలా ప్రోగ్రామ్ రాయడం. పైగా మూడు చోట్లా తలనొప్పులు ఒక్కటే: మనుషుల పేర్లు, తేదీలు, రసీదులు.

మా క్లినిక్‌లో ఒకే పేషెంటుకు మూడు నాలుగు రికార్డులు ఉన్నాయి. కంప్యూటర్ వాటిని తనంతట తానే కలిపేస్తుందా?

కలపగలదు, కానీ మేము కలపనివ్వం. కారణం వివరంగా చెప్పాలి.

తెలుగువాళ్ల పేర్లు ఇంగ్లీషులో రాస్తే లక్ష్మి ఒకచోట ‘కేఎస్’తో, మరోచోట ‘ఎక్స్’తో ఉంటుంది. వెంకటేశ్వరరావు స్పెల్లింగ్ ఎన్ని రకాలుగా వస్తుందో రిసెప్షన్‌లో కూర్చున్న ప్రతి అమ్మాయికీ తెలుసు. ఇంటిపేరు ఒకసారి ముందొస్తుంది, ఇంకోసారి వెనకొస్తుంది, మరోసారి పొడి అక్షరం మాత్రమే. పెళ్లయ్యాక ఆడవాళ్ల ఇంటిపేరు చాలా ఇళ్లలో మారుతుంది. వయసు అడిగితే ‘ఒక నలభై అయిదు రాసుకోమ్మా’ అంటారు, మూడేళ్ల తర్వాత వచ్చినప్పుడూ అదే చెబుతారు. ఫోన్ నంబర్‌ని గుర్తుగా పెట్టుకుందామంటే ఊళ్లో ఉన్న అమ్మా నాన్నలకూ, పిల్లలకూ కలిపి పట్నంలో ఉన్న కొడుకు నంబర్ ఒక్కటే ఇస్తారు.

ఇలాంటప్పుడు ఒకే మనిషికి రెండు రికార్డులుంటే కలిగే నష్టం కన్నా, ఇద్దరు మనుషుల రికార్డులు ఒకటైతే కలిగే నష్టం చాలా పెద్దది. ఒకే ఊరి నుంచి ఒకే పేరుతో ఇద్దరు వస్తారు. ఒకరికి సల్ఫా మందు పడదు, ఇంకొకరికి పడుతుంది. ‘పడదు’ అని ఎర్ర సిరాతో రాసిన ఆ మాట పక్కవాళ్ల షీట్లోకి పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకని మా ప్రోగ్రామ్ అనుమానం ఉన్న రికార్డులను పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. తండ్రి లేదా భర్త పేరు, ఊరు, పాత ఆపరేషన్లు అడిగి తేల్చాల్సింది మనిషే. కలిపాక కూడా విడదీయడానికి వీలుంటుంది, ఎవరు ఎప్పుడు కలిపారో నమోదవుతుంది. ‘పడదు’ అని రాసుకున్న మందుల పట్టీ మాత్రం ఏ పేజీ తెరిచినా పైనే ఎర్రగా కనపడుతుంది.

ఆభా నంబర్ (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబర్) ఉంటే ఈ గొడవంతా ఉండదు కదా?

చాలావరకు తగ్గుతుంది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబర్‌లో దేశమంతటా మొదలైంది, దాని కింద ఇచ్చే ఆభా నంబర్‌లో 14 అంకెలుంటాయి. కానీ అది స్వచ్ఛందం. ఆభా లేదని వచ్చిన పేషెంటును వెనక్కి పంపేలా సాఫ్ట్‌వేర్ రాయమంటే రాయం. ఉన్నవాళ్లది తీసుకుంటాం, లేనివాళ్లకు మీ క్లినిక్ నంబర్ ఇస్తాం. రికార్డులను ఆ మిషన్ వాడే ఎఫ్‌హెచ్‌ఐఆర్ (ఆరోగ్య సమాచారాన్ని కంప్యూటర్లు ఒకదానికొకటి పంపుకునే ప్రమాణం) పద్ధతిలోకి మార్చేలా మొదటినుంచే రాసుకుంటే, రేపు అందులో చేరాలనుకున్నప్పుడు మళ్లీ పునాదులు తవ్వక్కర్లేదు.

మా డాక్టరుగారు టైప్ చేయరు. ఎలా?

చేయక్కర్లేదు. ఎదురుగా పేషెంటు కూర్చుని ఉంటే స్క్రీన్ వైపు చూస్తూ టైప్ చేయడం చాలామంది డాక్టర్లకు నచ్చదు, వాళ్ల మాటలో న్యాయముంది. ఆయన రోజూ రాసే మందులు జాబితాగా పెడతాం. ఒక్క నొక్కుతో మందు, ఇంకో నొక్కుతో 1-0-1. లేదంటే చేత్తోనే రాస్తారు, సిస్టర్ దాన్ని ఎక్కిస్తారు, డాక్టరుగారు ఒకసారి చూసి సరే అంటారు. ప్రింట్‌లో ‘పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్న తర్వాత’ అని తెలుగులో పెద్ద అక్షరాల్లో వస్తుంది. చదవడం రానివాళ్ల కోసం పక్కన సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేస్తాం.

కేస్ షీట్లు ఎన్నేళ్లు ఉంచాలి?

2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు. పేషెంటు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కేసులు, బీమా గొడవలు చూసిన ఆసుపత్రులు ఇంకా ఎక్కువకాలం ఉంచుకుంటాయి. గడువు మీరు చెప్పండి, ప్రోగ్రామ్‌లో పెడతాం.

మెడికల్ షాపుకు మామూలు బిల్లింగ్ సరిపోదా?

సరిపోదు. పది మాత్రల స్ట్రిప్‌లో నాలుగు కత్తిరించి ఇస్తారు. మిగిలిన ఆరు ఏ బ్యాచ్, ఎప్పుడు ఎక్స్‌పైరీ అన్నది పోకూడదు. ముందు గడువు తీరేది ముందు అమ్ముడవ్వాలి, గడువు దగ్గరపడ్డవి డిస్ట్రిబ్యూటర్‌కు తిప్పి పంపే టైముకు గుర్తు చేయాలి. షెడ్యూల్ హెచ్1 కిందికి వచ్చే యాంటీబయాటిక్స్, టీబీ మందులు వంటివి ఇస్తే డాక్టర్ పేరు, చిరునామా, పేషెంటు పేరు, మందు, ఎంత ఇచ్చారు అన్నవి విడి రిజిస్టర్‌లో రాసి 3 ఏళ్లు ఉంచాలి. 2014 మార్చి నుంచి ఉన్న నియమమిది. బిల్లు కొట్టేటప్పుడే ఆ రిజిస్టర్ కూడా నిండిపోయేలా చేస్తే, ఇన్‌స్పెక్టర్ వచ్చే ముందురోజు రాత్రి కూర్చుని రాసుకునే టెన్షన్ ఉండదు.

జీఎస్టీ రేటు మారిన ప్రతిసారీ మీ దగ్గరికి రావాలా?

రాకూడదు. 2025 సెప్టెంబర్ 22న రేట్లు మారి చాలా మందులు 12 నుంచి 5 శాతానికి వచ్చాయి, 12, 28 శాతం శ్లాబులు దాదాపుగా పోయాయి. రేటును ప్రోగ్రామ్ లోపల అంకెగా రాసేసుకున్న షాపులు ఆ పొద్దున ఇబ్బంది పడ్డాయి. రేటు పక్కన ‘ఫలానా తేదీ నుంచి’ అని ఉండాలి. 21న అమ్మిన సరుకు 25న వాపసు వస్తే క్రెడిట్ నోట్ పాత రేటుతోనే వెళ్లాలి కదా. ఈ తేదీ గడి మీరే, లేదా మీ ఆడిటర్ గారే నింపుకోవచ్చు.

తెలుగులో బిల్లు, తెలుగులో ఎస్సెమ్మెస్ వస్తాయా?

రెండూ వస్తాయి. మామూలు థర్మల్ ప్రింటర్లలో తెలుగు అక్షరాలు లోపల ఉండవు కాబట్టి బిల్లును బొమ్మగా మార్చి పంపాలి. కాస్త నెమ్మదిస్తుంది, కానీ ఒత్తులు, గుణింతాలు చక్కగా పడతాయి. ఎస్సెమ్మెస్ విషయంలో లెక్క చూసుకోండి: ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కు 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 మాత్రమే. అందులోనూ వత్తు, గుడి, కొమ్ము విడివిడిగా లెక్కకొస్తాయి. పొడుగు తెలుగు మెసేజ్ రాస్తే మూడు మెసేజ్‌ల ఖర్చవుతుంది. టెంప్లేట్‌ను ముందే టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

నెట్ పోతే పని ఆగిపోతుందా?

ఆగదు. బిల్లు, ఓపీ చీటీ, అర్చన టికెట్ నెట్ లేకున్నా వస్తాయి, నెట్ వచ్చాక సర్వర్‌కు చేరతాయి. కరెంటు కూడా పోతే వాడుకోవడానికి వరుస నంబర్లున్న ఖాళీ చీటీల కట్ట ఒకటి అచ్చువేయించి ఇస్తాం.

మా బట్టల షాపు అమ్మకాలు పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చి చూపిస్తారా?

చూపిస్తాం. అయితే దాన్నొక్కదాన్నే చూసి స్టాకు పెట్టకండి. మన జనం కొనేది ఇంగ్లీషు నెల చూసి కాదు. 2025లో శ్రావణ మాసం జులై 25న మొదలై ఆగస్టు 23న ముగిసింది. 2026లో అధిక మాసం రావడంతో శ్రావణం ఆగస్టు 13న మొదలై సెప్టెంబర్ 11 దాకా ఉంటుంది. ఆగస్టును ఆగస్టుతో పోలిస్తే, 2026లో మొదటి పన్నెండు రోజులు ఆషాఢంలో పోయాయన్న సంగతి రిపోర్టుకు తెలియదు. ‘చీరల అమ్మకం పడిపోయింది’ అని చెబుతుంది, ఓనర్ కంగారుపడి ఆర్డరు తగ్గిస్తారు. సెప్టెంబర్‌లో జనం వచ్చేసరికి రాక్‌లో సరుకుండదు. దీపావళి కూడా అంతే: 2025లో అక్టోబర్ 20, 2026లో నవంబర్ 8.

అందుకే ప్రతి బిల్లు పక్కన తెలుగు మాసం, తిథి, పెళ్లి ముహూర్తాలున్న రోజా కాదా అన్నది కూడా మేము నమోదు చేస్తాం. శ్రావణాన్ని శ్రావణంతో, మూఢాన్ని మూఢంతో పోల్చిన రిపోర్టు చూశాక ఓనర్లు ఇంగ్లీషు నెలల పట్టిక అడగడం దాదాపు మానేస్తారు. పూలు, కొబ్బరికాయలు, పూజా సామాన్లు అమ్మేవాళ్లకు ఇది మరీ అవసరం.

మా గుడిలో శాశ్వత పూజలకు దాతలున్నారు. ప్రతి ఏడాదీ వాళ్ల తిథి ఏ తేదీన వస్తుందో సాఫ్ట్‌వేర్ చెబుతుందా?

మాకు ఎంతో ఇష్టమైన పని ఇది. ఎవరో తాతగారు తన తల్లి పేరున ‘మాఘ శుద్ధ పంచమి’ అని చెప్పి డబ్బు కట్టి వెళ్లిపోయారు. ఆయన లేరు, పిల్లలు ఎక్కడో ఉన్నారు. ఆ రోజు ఆ పేరు, ఆ గోత్రం చదవాల్సిన బాధ్యత గుడిది. ఒక్క ఏడాది తప్పినా అడిగేవాళ్లుండరు. అందుకే తప్పకూడదు.

లెక్క చూడటానికి సులువు. చంద్రుడికీ సూర్యుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఒక తిథి. కానీ తిథి 24 గంటలకు తక్కువా ఉండొచ్చు, ఎక్కువా ఉండొచ్చు. ఒకే తిథి రెండు సూర్యోదయాలను తాకవచ్చు (వృద్ధి), ఒక్కదాన్నీ తాకకనూ పోవచ్చు (క్షయ). 2026 ఉగాదినే తీసుకోండి. దృక్ లెక్కన, అంటే ఆకాశంలో సూర్యచంద్రులు నిజంగా కనిపించే చోటును బట్టి, మార్చి 19 ఉదయం 6:50 దాటాక అమావాస్య ముగిసింది. హైదరాబాద్‌లో ఆ రోజు సూర్యోదయం 6:25 ప్రాంతంలో, అంటే అప్పటికింకా అమావాస్యే. పాడ్యమి మర్నాడు తెల్లవారుజామున 5 గంటల లోపే అయిపోయింది, 20న సూర్యోదయానికి విదియ. ‘సూర్యోదయానికి చైత్ర శుద్ధ పాడ్యమి ఉన్న రోజు వెతుకు’ అని రాసిన ప్రోగ్రామ్‌కు హైదరాబాద్‌లో ఆ ఏడాది ఉగాదే దొరకదు. పండుగ 19నే అని సిద్ధాంతులకు తెలుసు, ఎందుకంటే క్షయ తిథికి శాస్త్రంలో నిర్ణయం ఉంది. అదే డాలస్‌లో అమావాస్య ముందురోజు, 18వ తేదీ రాత్రే ముగిసింది, 19 పొద్దున సూర్యోదయానికి చక్కగా పాడ్యమి. మేము ఏ పంచాంగ ప్రోగ్రామ్‌నైనా మొదట ఈ రోజుతోనే పరీక్షిస్తాం.

తర్వాత అధిక మాసం. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. జ్యేష్ఠ మాసం తిథి ఇచ్చిన దాత పూజ సాధారణంగా నిజ మాసంలో చేస్తారు, కానీ ఆ మాట చెప్పాల్సింది మీ అర్చకులు. ఏకాదశి స్మార్తులకు ఒకరోజు, వైష్ణవులకు మరో రోజు రావచ్చు. కృష్ణాష్టమికి కొందరు అష్టమిని చూస్తే కొందరు రోహిణిని చూస్తారు. ఆబ్దికానికి సూర్యోదయం కాదు, అపరాహ్ణం చూడాలి.

కాబట్టి మా పద్ధతి ఇది: ప్రోగ్రామ్ వచ్చే ఏడాది జాబితా మొత్తం తయారు చేస్తుంది. చిక్కులేని తిథులు ఒక పక్క, క్షయ, వృద్ధి, అధిక మాసం తగిలినవి మరో పక్క. రెండో జాబితాను అర్చకులో, గుడి సిద్ధాంతిగారో చూసి, తేదీ ఖాయం చేసి సంతకం పెడతారు. ఆయన నిర్ణయమే కంప్యూటర్లో ఉంటుంది, దాని కింద ఆయన పేరూ ఉంటుంది. నెల ముందు దాత కుటుంబానికి కబురు వెళ్తుంది.

ఏ పంచాంగం వాడతారు?

మీ గుడి ఏది పాటిస్తే అది. గ్రహగతుల లెక్కకు స్విస్ ఎఫెమెరిస్ వంటివి వాడతాం, కానీ దాని లైసెన్సు చదువుకోండి. ఉచితంగా తీసుకుంటే మీ ప్రోగ్రామ్ సోర్స్ కోడ్ అందరికీ తెరిచి పెట్టాలి, లేదంటే డబ్బు కట్టి వాణిజ్య లైసెన్సు కొనాలి. ఈ సంగతి చూసుకోకుండా యాప్‌లు అమ్మేవాళ్లున్నారు. ఇంకో విషయం: తిథి సూర్యచంద్రుల మధ్య తేడా కాబట్టి అయనాంశ (రాశిచక్రం మొదలు ఎక్కడ పెట్టాలన్న లెక్క) ఏదైనా తిథి మారదు. నక్షత్రం మారుతుంది. నక్షత్రం చూసి అర్చనలు చేసే గుడికి లాహిరి అయనాంశా, మరొకటా అన్నది ముందే తేల్చుకోవాలి. పూర్వ గణితం, అంటే సూర్య సిద్ధాంతం అనుసరించే గుళ్లలో సమయాలు దృక్ లెక్కకు గంటల తేడాతో ఉండొచ్చు. అక్కడ మేము లెక్క వేయం. వాళ్ల పంచాంగకర్త ఇచ్చిన పట్టికనే ఎక్కిస్తాం.

మసీదులకు, చర్చిలకు కూడా చేస్తారా?

చేస్తాం. నమాజు వేళల్లో ఫజర్‌కు (తెల్లవారుజాము నమాజు) సూర్యుడు దిగంతం కింద ఎన్ని డిగ్రీల్లో ఉండాలన్నది సంప్రదాయాన్ని బట్టి మారుతుంది, అసర్‌కు (సాయంత్రపు నమాజు) హనఫీ సంప్రదాయం వాళ్లు వస్తువు నీడ దాని ఎత్తుకు రెండింతలైనప్పుడు లెక్కిస్తారు, షాఫీ వాళ్లు ఒకింతకే. కమిటీ చెప్పిందే పెడతాం. చర్చిలు ఎక్కువగా అడిగేది బాప్తిస్మం, వివాహం రిజిస్టర్లు, కానుకల రసీదులు.

భక్తుల గోత్రం, నక్షత్రం, ఫోన్ నంబర్లు మా దగ్గర వేలల్లో ఉన్నాయి. వాటితో ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు?

దేనికోసం ఇచ్చారో దానికే వాడండి. అర్చన కోసం చెప్పిన గోత్రం ఇంటి స్థలాల ప్రకటనకు ఆధారం కాకూడదు. ఆ జాబితా కొంటామని వచ్చేవాళ్లున్నారు, మా ద్వారా మాత్రం వాళ్లకు అందదు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కింద నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ప్రధాన బాధ్యతలు పాటించడానికి 18 నెలల గడువు ఇచ్చారు. కాగితం రిజిస్టర్‌ను కంప్యూటర్లోకి ఎక్కించిన క్షణం నుంచి అదీ ఈ చట్టం కిందికే వస్తుంది. ఎందుకు తీసుకుంటున్నామో చెప్పే నోటీసు ఇంగ్లీషులో గానీ, తెలుగుతో సహా ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లో గానీ చదువుకునే వీలుండాలి. ఒప్పుకోవడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంత తేలిక కావాలి. భద్రతలో నిర్లక్ష్యానికి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. ఇదంతా క్లినిక్కులకూ వర్తిస్తుంది.

పాత ఫైళ్లు అను ఫాంట్లలో ఉన్నాయి, రిజిస్టర్లు చేతిరాతలో ఉన్నాయి. ఎక్కించగలరా?

అను అనే పాత తెలుగు ఫాంట్లలో టైప్ చేసిన ఫైళ్లను, ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మారుస్తాం. మార్చాక తెలుగు బాగా వచ్చినవాళ్లు వరుసగా చదివి దిద్దాలి. సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు దొర్లుతాయి. చేతిరాతను యంత్రం నమ్మకంగా చదవలేదు కాబట్టి ఇద్దరు విడివిడిగా టైప్ చేస్తారు, తేడా వచ్చిన చోట మూడో మనిషి రిజిస్టర్ తెరిచి చూస్తారు. ఖర్చెక్కువే. అయినా దాతల పేర్ల విషయంలో ఇంతకన్నా దగ్గరి దారి మేము ఒప్పుకోం. పని అయ్యాక అసలు రిజిస్టర్లు పారేయకండి.

ఏఐ పెడతారా?

స్టాకు అంచనాకు, రశీదులు వెతకడానికి పెడతాం. రోగం చెప్పే ఏఐ పెట్టం. 2020 ఏప్రిల్ నుంచి రోగ నిర్ధారణకు, చికిత్సకు ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరాల నియంత్రణ కిందికి వస్తుంది. ఆ అనుమతులు, పరీక్షలు లేకుండా అలాంటిది అమ్మజూపేవాళ్లను కాగితాలు అడగండి.

డబ్బు మేము కట్టాం కాబట్టి సోర్స్ కోడ్ (ప్రోగ్రామ్ అసలు రాత) మాదే కదా?

దానంతటదే మీది కాదు. బయటి కంపెనీతో రాయించుకున్న ప్రోగ్రామ్‌పై హక్కు, రాతపూర్వకంగా బదిలీ చేయకపోతే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సాధారణంగా రాసినవాళ్లదే. బదిలీ పత్రంలో కాలం రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశమే అని అదే చట్టం అంటుంది. మా ఒప్పందంలో ఈ రెండూ స్పష్టంగా ఉంటాయి. మాతో కాకున్నా, ఎవరితో చేయించుకున్నా ఈ రెండు వాక్యాలు ఉన్నాయో లేదో చూసుకుని సంతకం పెట్టండి. సమాచారం ఎప్పుడూ మీదే: మా సాయం లేకుండానే మొత్తం ఎక్సెల్‌లోకి దించుకునే మీట మొదటి రోజు నుంచే ఉంటుంది.

సర్వర్ మీద దాడి జరిగితే?

2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగి, రోజుల తరబడి ఓపీ, ల్యాబు చేతిరాతతో నడిచాయి. అంత పెద్ద సంస్థకే తప్పలేదు. రోజూ ఒక బ్యాకప్ నెట్‌కు తగలని చోట ఉంచుతాం. దాన్ని వేరే కంప్యూటర్లో తిరిగి తెరిచి చూపించే పరీక్ష మీ ఎదుటే చేస్తాం. ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు (సైబర్ దాడుల విషయం చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) తెలియజేయాలి. ఆ ఫారం నింపి పంపడంలో తోడుంటాం.

ఎంత ఖర్చు, ఎంత టైము?

రిజిస్టర్లు చూడకుండా చెప్పే అంకె అబద్ధమే అవుతుంది. మొదట చిన్న మొత్తం తీసుకుని, మీ దగ్గర కూర్చుని, పని ఎలా నడుస్తుందో చూసి రాసిస్తాం. ఆ కాగితం మీదే, దాన్ని పట్టుకుని వేరేవాళ్లతోనైనా చేయించుకోవచ్చు. తర్వాత డబ్బు విడతల్లో, ఒక్కో భాగం మీ కౌంటర్ మీద నడిచాకే. దీనిపై 18 శాతం జీఎస్టీ అదనం. మెయింటెనెన్స్ ఏడాదికోసారి, వద్దనుకుంటే ఆపేయొచ్చు.

మొదటి మీటింగ్‌కి ఏం తెచ్చుకోవాలి?

ఇప్పుడు వాడుతున్న రిజిస్టర్, పైన చెప్పిన నోట్‌బుక్, ఒక మామూలు రోజు బిల్లులూ రద్దీ రోజు బిల్లులూ. పేషెంట్ల పేర్లున్న కాగితాలైతే పేర్లు మూసి జిరాక్స్ తీయించి తెండి. మీతో పాటు కౌంటర్లో కూర్చునే మనిషిని తప్పకుండా తీసుకురండి. గుడి పనైతే అర్చకులను కూడా రమ్మనండి, వాళ్లకు పూజల వేళ కాని సమయంలోనే మీటింగ్ పెట్టుకుందాం.